డయాలసిస్ పేషెంట్ ఏం తినాలి? ఆ నియమాల వెనక ఉన్న 200 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక తిండి చరిత్ర చెప్పుకుందాం. రాజుల విందుల చరిత్ర కాదు, పండగ వంటల చరిత్ర కాదు. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసిన మనిషి కంచంలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అనే ప్రశ్నకు ఉన్న చరిత్ర.

దీనికీ చరిత్ర ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంది. పైగా అది తెలియకపోవడం వల్లే మన ఇళ్లలో చాలా గందరగోళం జరుగుతోంది. ఎలాగంటే, ఒకాయనకు కిడ్నీ జబ్బు అని తేలింది. నాలుగైదేళ్ల పాటు డాక్టర్ ఒకటే మాట చెప్పారు: "పప్పు తగ్గించండి, మాంసం మానేయండి, ప్రోటీన్ ఎక్కువ తినొద్దు." ఇంట్లో వాళ్లు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. తర్వాత జబ్బు ముదిరి డయాలసిస్ మొదలైంది. మొదటి నెలలోనే డైటీషియన్ వచ్చి "రోజూ గుడ్డు తెల్లసొన పెట్టండి, చేప పెట్టండి, ప్రోటీన్ బాగా తినాలి" అంటారు. ఇంట్లో ఆవిడకి ఏమీ అర్థం కాదు. నిన్నటిదాకా విషం అన్నదే ఇవాళ మందు అంటారేంటి? ఎవరి మాట నమ్మాలి? చాలా ఇళ్లలో పాత మాటే నెగ్గుతుంది. మనిషి వారానికి మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్తూ, ఇంట్లో చారన్నం, మజ్జిగన్నం తింటూ, ఆరు నెలల్లో చిక్కి సగమైపోతాడు.

చూడండి, ఆ ఇద్దరూ చెప్పింది నిజమే. ఒక్కో మాట ఒక్కో కాలంలో పుట్టింది, ఒక్కో అవసరానికి పుట్టింది. అది తెలియాలంటే 200 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

లండన్‌లో గైస్ హాస్పిటల్ అని ఉంది. అక్కడ రిచర్డ్ బ్రైట్ అనే డాక్టర్ ఉండేవారు. ఒంటికి నీరు పట్టి, ముఖం ఉబ్బి, కాళ్లు వాచి వచ్చే రోగుల్ని ఆయన శ్రద్ధగా గమనించారు. వాళ్ల మూత్రాన్ని ఒక చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడి చేస్తే, అది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. అంటే శరీరంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతోందన్నమాట. అలాంటి రోగులు చనిపోయాక పరీక్షిస్తే కిడ్నీలు పాడైపోయి ఉండేవి. 1827లో ఆయన ఈ సంగతంతా పుస్తకంగా వేశారు. ఆ తర్వాత చాలాకాలం కిడ్నీ జబ్బుని 'బ్రైట్స్ డిసీజ్' అనే పిలిచేవారు.

దానికి కొంచెం ముందు, 1821లో, ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జెనీవాలో జంతువుల కిడ్నీలు తీసేసి చూశారు. వాటి రక్తంలో యూరియా పేరుకుపోయింది. మనం తిన్న ప్రోటీన్ ఒంట్లో అరిగి, వాడుక అయ్యాక మిగిలే వ్యర్థమే యూరియా. కిడ్నీ దాన్ని బయటికి పంపాలి. పంపలేకపోతే రక్తంలోనే ఉండిపోతుంది.

ఇక్కడ వైద్యుల ముందు ఒక చిక్కుముడి పడింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది కాబట్టి ఎక్కువ తినిపించాలా? లేక రక్తంలో యూరియా పెరుగుతోంది కాబట్టి తక్కువ తినిపించాలా? ఈ ప్రశ్న అప్పుడు మొదలైంది. దాదాపు 150 ఏళ్లు నడిచింది.

అప్పటి వైద్యం అంటే రక్తం తీయడం, విరేచనాలు చేయించడం. మందులు లేవు. కాబట్టి తిండే వైద్యం. 1866లో ఫిలిప్ కారెల్ అనే వైద్యుడు, రష్యా చక్రవర్తి ఆస్థాన వైద్యుడాయన, ఒక పద్ధతి ప్రకటించారు. రోగికి వెన్న తీసిన పాలు మాత్రమే, అదీ కొలిచి కొలిచి ఇవ్వడం. వాపులు తగ్గేవి. పాలలో ఏదో మహత్తు ఉందని అందరూ అనుకున్నారు.

మహత్తు పాలలో లేదని 1903లో పారిస్‌లో తేలింది. ఫెర్నాండ్ విడాల్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు చాలా తేలికైన పరీక్ష చేశారు. కిడ్నీ జబ్బుతో వాచి ఉన్న రోగికి ఉప్పు లేకుండా మాంసం, రొట్టె, బంగాళాదుంప పెట్టారు. వాపు తగ్గింది. తర్వాత పాలు ఇచ్చారు, కానీ అందులో ఉప్పు కలిపారు. వాపు తిరిగి వచ్చింది, బరువు పెరిగింది. అంటే ఒంట్లో నీటిని పట్టి ఉంచుతున్నది ఉప్పు. పాలలో ఉప్పు తక్కువ కాబట్టి పాలు పనిచేశాయి, అంతే.

మనకి ఇది మరీ కొత్త మాటేం కాదు. ఒళ్లు నీరు పట్టిన మనిషికి ఉప్పు తగ్గించి పత్యం పెట్టడం మన పెద్దవాళ్లూ ఎరుగుదురు. కానీ ఎందుకు అనేది త్రాసు మీద బరువు చూసి రుజువు చేసింది విడాల్. ఇవాళ డయాలసిస్ సెంటర్‌లో అడుగు పెట్టగానే మీ వాళ్లని ముందు బరువు చూసే మిషన్ మీద నిలబెడతారు కదా, ఆ పద్ధతికి మూలం ఇక్కడ ఉంది.

ఇంకో పక్క యంత్రం కథ నడుస్తోంది. దాన్ని త్వరగా చెప్పేస్తాను. 1861లో థామస్ గ్రాహం అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త, పల్చటి పొరగుండా చిన్న అణువులు జారిపోతాయి, పెద్దవి ఆగిపోతాయి అని చూపించి దానికి 'డయాలసిస్' అని పేరు పెట్టారు. 1913లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్ ఏబెల్ బృందం కుక్కల మీద మొదటి కృత్రిమ కిడ్నీని ప్రయోగించింది. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి వాళ్లు జలగల నుంచి తీసిన పదార్థం వాడారు. 1924లో జర్మనీలో గియోర్గ్ హాస్ మొదటిసారి మనిషికి డయాలసిస్ చేశారు. అది పదిహేను నిమిషాలు జరిగింది. రోగికి హాని జరగలేదు, లాభమూ కనిపించలేదు.

కాబట్టి 1930ల నాటికి కిడ్నీ పోయిన మనిషికి ఉన్న దారి ఒక్కటే: తిండి. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే పాత్ర ఒకటి వస్తుంది. అన్నం!

వాల్టర్ కెంప్నర్ అని జర్మనీ నుంచి నాజీల వల్ల అమెరికా వచ్చేసిన యూదు వైద్యుడు. డ్యూక్ యూనివర్సిటీలో పనిచేసేవారు. పాడైన కిడ్నీకి పని తగ్గించాలంటే ప్రోటీన్, ఉప్పు, కొవ్వు వీలైనంత తగ్గించాలి అని ఆయన వాదన. 1939లో 'రైస్ డైట్' మొదలుపెట్టారు. తెల్లన్నం, చక్కెర, పళ్లు, పళ్ల రసాలు, విటమిన్ మాత్రలు. అంతే! రోజుకి సుమారు 2,000 కేలరీలు వస్తాయి, ప్రోటీన్ 20 గ్రాములే, ఉప్పు దాదాపు లేనట్టే. మొదట్లో రెండు వారాలే ఈ పత్యం పెట్టేవారు. 1942లో ఒక రోగి ఆయన జర్మన్ యాస సరిగ్గా అర్థం కాక, రెండు వారాల తర్వాత రమ్మంటే రెండు నెలల తర్వాత వచ్చింది. చూస్తే ఆమె రక్తపోటు దిగింది, ఉబ్బిన గుండె చిన్నదైంది, కంటి లోపలి రక్తస్రావాలు తగ్గాయి. అప్పట్లో అంత తీవ్రమైన రక్తపోటుకి సరైన మందే లేదు.

మనం గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే, ఆ అన్నం పక్కన ఆవకాయ లేదు, అప్పడం లేదు, పప్పులో ఉప్పు లేదు. ఆ చప్పిడి తిండిని ఎక్కువమంది భరించలేకపోయారు. ఇంకో మాట. కెంప్నర్ పళ్లూ పళ్ల రసాలూ ధారాళంగా ఇవ్వగలిగారు, ఎందుకంటే ఆయన రోగుల్లో చాలామందికి ఇంకా మూత్రం వస్తోంది. మూత్రం ఆగిపోయిన మనిషికి ఆ పళ్ల రసాలు ప్రాణాంతకం. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నెదర్లాండ్స్‌ని నాజీలు ఆక్రమించారు. అక్కడ విలెమ్ కోల్ఫ్ అనే కుర్ర డాక్టర్. 1938లో ఖ్రోనింగెన్ ఆస్పత్రిలో 22 ఏళ్ల రైతుబిడ్డ ఒకడు కిడ్నీలు పోయి తన కళ్ల ముందే చనిపోవడం ఆయన చూశారు. రోజుకి 20 గ్రాముల యూరియా బయటికి తీయగలిగితే ఆ అబ్బాయి బతికేవాడు కదా అని ఆయన లెక్క వేసుకున్నారు. సాసేజ్‌లు చుట్టే సెల్లోఫేన్ గొట్టం తీసుకున్నారు. దాన్ని డోలులాంటి చట్రానికి చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిరిగేలా పెట్టారు. 1943లో కాంపెన్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో మొదలుపెట్టారు. మొదటి 16 మందిలో 15 మంది చనిపోయారు. 1945 సెప్టెంబరులో, పదిహేడో రోగి, 67 ఏళ్ల ఆవిడ, స్పృహలోకి వచ్చింది, బతికింది.

ఇక అందరూ డయాలసిస్ మొదలుపెట్టేసి ఉంటారు అనుకుంటున్నారా? కాదు. చరిత్ర అలా తిన్నగా నడవదు. కోల్ఫ్ తన యంత్రాల్ని వేరే దేశాలకి ఉచితంగా పంపారు. ఒకటి లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రికి చేరింది. కొందరు రోగుల మీద వాడి చూసి, వాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. తిండితోనే ఇంతకంటే బాగా చేయొచ్చు అనుకున్నారు.

ఆ తిండి ఏమిటో వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బోర్స్ట్ అనే ప్రొఫెసర్ 1948లో ప్రోటీన్ అసలు లేని తిండి ప్రకటించారు, ముఖ్యంగా వెన్న, చక్కెర. హామర్‌స్మిత్‌లో గ్రాహం బుల్ బృందం 1949లో ఇంకో అడుగు ముందుకు వేసింది. 400 గ్రాముల గ్లూకోజ్, 100 గ్రాముల వేరుశెనగ నూనె, నీళ్లతో కలిపి లీటరు చేసి, ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం ద్వారా బొట్టు బొట్టుగా పంపేవారు. రోగి వాంతి చేసుకుంటే, దాన్ని వడకట్టి మళ్లీ అదే గొట్టంలో పోసేవారు.

ఇది క్రూరత్వం కాదండీ. దీని వెనక గట్టి కారణం ఉంది. తిండి లేకపోతే శరీరం ఊరుకోదు, తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. కండ అంటే ప్రోటీన్. అది కరిగితే మళ్లీ యూరియా. కాబట్టి ప్రోటీన్ ఆపితే చాలదు, కేలరీలు ఇవ్వాలి, అప్పుడే కండ కరగదు. ఆ నూనె, చక్కెర ఇచ్చింది అందుకే. ఉన్నట్టుండి కిడ్నీ ఆగిపోయిన మనిషికి, వారం పది రోజుల్లో కిడ్నీ మళ్లీ తేరుకునేదాకా నెట్టుకురావడానికి ఇది పనికొచ్చింది. ఇవాళ్టి డయాలసిస్ రోగికీ ఇదే పాఠం. తిండి మానేసి పస్తు ఉంటే యూరియా తగ్గదు. కండ కరిగి పెరుగుతుంది.

తర్వాతి పాఠం యుద్ధభూమిలో దొరికింది. కొరియా యుద్ధంలో గాయపడ్డ సైనికులకి రక్తం పోయి కిడ్నీలు ఆగిపోయేవి. నలిగిపోయిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వచ్చి చేరేది. పొటాషియం హద్దు మీరితే గుండె ఆగిపోతుంది. ముందు హెచ్చరిక కూడా పెద్దగా ఉండదు. 1952లో అమెరికా సైన్యం అక్కడ ప్రత్యేక కిడ్నీ కేంద్రం పెట్టి డయాలసిస్ చేయడం మొదలుపెట్టింది. చావులు బాగా తగ్గాయి. యూరియా మెల్లగా చంపుతుంది, పొటాషియం గంటల్లో చంపుతుంది అని అక్కడ తేటతెల్లమైంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా తాత్కాలికంగా కిడ్నీ ఆగినవాళ్ల గురించి. కిడ్నీ శాశ్వతంగా పోతే? ప్రతిసారీ రక్తనాళం కోయాలి, అలా ఎన్నిసార్లు కోస్తారు? 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ దీనికి జవాబు కనిపెట్టారు. చేతికి శాశ్వతంగా ఉండే టెఫ్లాన్ గొట్టం. మార్చి నెలలో క్లైడ్ షీల్డ్స్ అనే బోయింగ్ మెషినిస్ట్‌కి మొదటిసారి అమర్చారు. ఆయన 1971 దాకా బతికారు. పదకొండేళ్లు! ఆయనకున్న తీవ్రమైన రక్తపోటు కూడా, డయాలసిస్‌తో నీరు తీయడం, ఉప్పు తగ్గించడం వల్లే అదుపులోకి వచ్చింది.

కానీ మిషన్లు కొన్నే, రోగులు వేలల్లో. 1962లో సియాటిల్‌లో డయాలసిస్ కేంద్రం తెరిచాక, ఎవరికి అవకాశం ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఒక లాయర్, ఒక పాస్టర్, ఒక బ్యాంకర్, ఒక గృహిణి... ఇలా. వాళ్ల పేర్లు బయట పెట్టలేదు. అదే ఏడాది 'లైఫ్' పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన వ్యాసం దేశాన్ని కుదిపేసింది.

మరి కమిటీ వద్దన్న వాళ్ల సంగతేంటి? మిషన్లే లేని దేశాల సంగతేంటి? వాళ్ల కోసం ఇటలీ నుంచి ఒక తిండి వచ్చింది. 1963లో నేపుల్స్‌లో జోర్దానో, 1964లో పీసాలో జొవన్నెట్టి, మజ్జోరె. రోజుకి సుమారు 20 గ్రాముల ప్రోటీన్, అది కూడా ఎక్కువగా కోడిగుడ్డు నుంచి. మిగతా కడుపు నింపడానికి ప్రోటీన్ తీసేసిన గోధుమ పిండితో చేసిన పాస్తా. ఇందులో ఉన్న తెలివి ఏంటంటే, అన్ని ప్రోటీన్లూ ఒకటి కాదు. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు గుడ్డులో నిండుగా ఉన్నాయి. కొంచెం తిన్నా ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది, వ్యర్థం తక్కువ. వాంతులు, దురద, నోటి దుర్వాసన తగ్గి, రోగులు కొన్నాళ్లు హాయిగా ఉండేవారు.

ఇదిగో, ఇక్కడ ఆగండి. మన ఇళ్లలో వినే మొదటి మాట, "ప్రోటీన్ తగ్గించండి" అనేది, ఈ పరంపర నుంచి వచ్చింది. బ్రైట్ కాలం నుంచి పీసా దాకా వచ్చిన తెలివి అది. డయాలసిస్ లేని మనిషికి, లేదా ఇంకా డయాలసిస్ దాకా రాని మనిషికి చెప్పిన మాట. ఆ దశలో అది ఇవాళ్టికీ సరైనదే, డాక్టర్ చెప్పిన హద్దులో.

మరి రెండో మాట ఎక్కడ పుట్టింది?

1972లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి డయాలసిస్ ఖర్చు తానే భరిస్తానంది. కమిటీల అవసరం పోయింది. వేలమంది, తర్వాత లక్షలమంది, ఏళ్ల తరబడి డయాలసిస్ మీద బతకడం మొదలుపెట్టారు. అప్పుడు కొత్త సమస్య కనిపించింది. యూరియా బాగానే ఉంది, మనుషులు మాత్రం చిక్కిపోతున్నారు. పాత అలవాటు కొద్దీ ప్రోటీన్ తగ్గించి తింటున్నారు. డయాలసిస్ పొర చిన్న అణువుల్ని వదిలేస్తుంది అన్నాం కదా. దానికి మంచి చెడు తెలియదు. యూరియాతో పాటు అమైనో ఆమ్లాలూ పోతాయి. ఒక్కో సెషన్‌లో సుమారు 6 నుంచి 8 గ్రాములు. కడుపులో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌లో రోజుకి 5 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ పోతుంది.

1990లో లౌరీ, లూ అనే ఇద్దరు అమెరికాలో 12,000 మందికి పైగా డయాలసిస్ రోగుల రక్త పరీక్షల్ని పోల్చి చూశారు. ఎవరు త్వరగా చనిపోతున్నారో ముందే చెప్పగల అంకెల్లో అతి ముఖ్యమైనది రక్తంలో ఆల్బుమిన్ అని తేలింది. ఆల్బుమిన్ తక్కువైనవాళ్లకి చావు ముప్పు ఎక్కువ. ఆల్బుమిన్ తగ్గడానికి ఇన్‌ఫెక్షన్లు, ఒంట్లో వాపు కూడా కారణమే, ఒక్క తిండే కాదు. కానీ తిండి పెద్ద భాగం. విచిత్రం చూడండి, మామూలు మనుషులకి లావు ముప్పు అంటాం, డయాలసిస్ రోగుల్లో కొంచెం ఒళ్లున్నవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని తర్వాతి అధ్యయనాల్లో కనిపించింది.

2000లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు డయాలసిస్ రోగికి కిలో బరువుకి రోజుకి 1.2 గ్రాముల ప్రోటీన్ అన్నాయి. 2020లో దాన్ని 1.0 నుంచి 1.2 అని సవరించారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. పీసాలో ఇచ్చిన 20 గ్రాములకి మూడు రెట్ల పైన! ఇదీ రెండో మాట పుట్టిల్లు. మొదటి మాట కిడ్నీని కాపాడటానికి, రెండో మాట మనిషిని కాపాడటానికి.

ఇప్పుడు మన కంచం దగ్గరికి వద్దాం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 7 గ్రాముల ప్రోటీన్. రోజంతా 300 గ్రాముల బియ్యం తిన్నా 21 గ్రాములు. ఒక గుడ్డులో 6, ఒక తెల్లసొనలో మూడున్నర, గ్లాసు పాలలో 6 లేదా 7, గుప్పెడు కందిపప్పులో 6, 100 గ్రాముల చేపలో 20 వరకు. చారు, పచ్చడి, మజ్జిగతో వెళ్లిపోయే ఇంట్లో 60 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? రావు. శాకాహారులకి మరీ కష్టం. అందుకే డైటీషియన్లు తెల్లసొన అంటూ వెంటపడతారు. ప్రోటీన్ మంచిది, ఫాస్ఫరస్ దాదాపు లేదు, ధర తక్కువ. గుడ్డు ముట్టనివాళ్లు పప్పు, పెరుగు, పనీర్ ఎంతెంత అనేది డైటీషియన్ దగ్గర కూర్చుని లెక్క వేయించుకోవాలి.

ఫాస్ఫరస్ అన్నాను. దాని కథ కొంచెం చేదు. ప్రోటీన్ ఎక్కడుంటే ఫాస్ఫరస్ అక్కడుంటుంది. డయాలసిస్ దాన్ని పూర్తిగా తీయలేదు. అది పేరుకుంటే దురద, ఎముకల బలహీనత, రక్తనాళాల్లో సున్నం. అందుకని తొలి రోజుల్లో భోజనంతో పాటు అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఇచ్చేవారు, పేగులోనే ఫాస్ఫరస్‌ని పట్టేయడానికి. కొన్నేళ్లకి కొందరు రోగులకి మాట తడబడటం, మూర్ఛలు, మతిమరుపు వచ్చి చనిపోయారు. 1976లో డెన్వర్‌లో ఆల్ఫ్రీ బృందం వాళ్ల మెదడులో అల్యూమినియం ఎక్కువగా ఉందని చూపించింది. కొంత ఆ మందు నుంచి, కొంత డయాలసిస్‌కి వాడే నీటి నుంచి. ఇవాళ ప్రతి సెంటర్‌లో ఆర్.ఓ. ప్లాంట్ ఉండటానికి ఒక కారణం అదే. మందు కూడా మారింది. 1980ల్లో కాల్షియం కార్బొనేట్, 1998 నుంచి సెవెలమర్. ఈ బిళ్లల్ని చాలామంది భోజనం అయ్యాక ఎప్పుడో వేసుకుంటారు. ఉపయోగం ఉండదు. అది తిండిలో కలిసి పనిచేసే మందు, ముద్దతో పాటు లోపలికి వెళ్లాలి.

ఇంకో చిన్న సంగతి. పప్పుల్లో, గింజల్లో ఉండే ఫాస్ఫరస్ సగం కూడా మన ఒంటికి పట్టదు. ప్యాకెట్ తిండిలో, నల్ల కూల్‌డ్రింక్‌లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పట్టేస్తుంది. కాబట్టి పప్పుని చూసి భయపడి కూల్‌డ్రింక్ తాగడం అంటే, ఎలుకకి భయపడి పులి నోట్లో తలపెట్టడమే.

ఇక నీళ్లు. "రోజుకి ఇంతే తాగాలి" అని రోగిని వేధిస్తాం. దాహంతో ఆయన ఐస్ ముక్క చప్పరిస్తుంటే తిడతాం. ఫ్రాన్స్‌లో తాస్సాన్ అనే ఊరి సెంటర్‌లో దశాబ్దాలుగా వారానికి మూడు సార్లు, ఒక్కోసారి ఎనిమిది గంటలు నెమ్మదిగా డయాలసిస్ చేస్తూ, ఉప్పు తక్కువ తిండి పెట్టేవారు. అక్కడ ఎక్కువమందికి బీపీ మాత్రలే అవసరం పడలేదు. 2001లో బ్రిటన్‌లో టామ్సన్ అనే డాక్టర్, ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమనడం దండగ పని అని వాదించారు. లెక్క సులువే: దాదాపు 8, 9 గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళ్తే అది లీటరు నీటిని అడుగుతుంది. ఆవకాయ, అప్పడం, వడియాలు, ఎండుచేప తినిపించి, నీళ్లు తాగొద్దంటే ఆ మనిషి ఏం చేస్తాడు? తప్పు దాహానిది కాదు, ఊరగాయది. అలాగని బజార్లో దొరికే 'లో సోడియం' ఉప్పు వాడకండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం. సైంధవ లవణం సంగతా? అదీ ఉప్పే.

పొటాషియం దగ్గరికి తిరిగి వచ్చాం కాబట్టి ఉద్దానం వెళ్దాం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి తోటల సీమ. అక్కడ ఏళ్లుగా వేలమందికి కిడ్నీ జబ్బు వస్తోంది, అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో, 2016లో కేంద్రం ప్రకటించిన డయాలసిస్ కార్యక్రమంతో, చిన్న పట్టణాలకీ డయాలసిస్ చేరింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. యంత్రం ఊరికి వచ్చింది. దాంతో పాటు తిండి చరిత్ర రాలేదు.

మన దగ్గర అందరి నమ్మకం ఏంటి? కొబ్బరి నీళ్లు చలవ, కిడ్నీలకు మంచిది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా బోండాలే పట్టుకొస్తారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మంచిదే. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బోండాంలో 600, 700 దాకా. మూత్రం ఆగిపోయిన మనిషికి, రెండు డయాలసిస్‌ల మధ్య, అది గుండె మీద దెబ్బ. కొరియాలో సైనికుల్ని చంపింది అదే. కెంప్నర్ పళ్ల రసాల దగ్గర ఆగమన్నది ఇందుకే. బ్రెజిల్‌లో స్టార్ ఫ్రూట్ తిన్న కిడ్నీ రోగులకి ఆగని ఎక్కిళ్లు, మూర్ఛలు వచ్చాయి, కొందరు చనిపోయారు కూడా. ఆ కాయలో ఉన్న విషాన్ని 2013లో గుర్తించి 'కారంబాక్సిన్' అని పేరు పెట్టారు. ఆ కాయ డయాలసిస్ రోగి ముట్టనే కూడదు.

కూరగాయల విషయంలో మన వంటింటి పాత పద్ధతే మందు. ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, అన్నం వార్చినట్టు ఆ నీళ్లు వార్చేసి, అప్పుడు పోపు పెట్టుకోవాలి. పొటాషియం చాలా భాగం నీళ్లతో పోతుంది. ఆ నీళ్లని చారులో పోయకండి.

చివరగా, డయాలసిస్ జరుగుతుండగా తినొచ్చా? దీని మీదా దేశానికో ఆచారం. జర్మనీలో భోజనం పెడతారు. అమెరికాలో చాలా సెంటర్లు వద్దనేవి: తిన్నప్పుడు రక్తం పేగుల వైపు మళ్లి బీపీ పడిపోవచ్చు, పొలమారవచ్చు, శుభ్రత సమస్య. 2010ల నుంచి అక్కడి నిపుణులే, బీపీ నిలకడగా ఉన్నవాళ్లకి తిననివ్వండి, ఎలాగూ నాలుగు గంటలు ఉంటారు, ప్రోటీన్ అందుతుంది అంటున్నారు. మీ సెంటర్‌లో అడగండి. బీపీ పడిపోయే వాళ్లయితే ఆ సమయంలో వద్దు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు తేలికైంది. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే ముందు అడగాల్సింది "ఏం తినకూడదు" అని కాదు. "మనం ఏ దశలో ఉన్నాం" అని. డయాలసిస్‌కి ముందు ఒక కంచం, తర్వాత ఇంకో కంచం, కిడ్నీ మార్పిడి అయితే మరో కంచం. పక్కింటాయనకి చెప్పింది మీకు పనికిరాదు. నిరుడు మీకే చెప్పింది ఈ ఏడాది పనికిరాకపోవచ్చు. నెలనెలా చేసే రక్త పరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్, ఆల్బుమిన్ ఈ మూడు అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆ కాగితం డాక్టర్‌కీ డైటీషియన్‌కీ చూపించి, దాన్ని బట్టి కంచం మార్చుకోండి. ఇక్కడ చెప్పినవన్నీ అర్థం చేసుకోవడానికి, మీ కొలత మాత్రం వాళ్లే చెప్పాలి.

ఈ ఎపిసోడ్ డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్లకే కాదు, వాళ్లకి వండి పెట్టే వాళ్లకి ముఖ్యంగా చేరాలి. మీకు తెలిసిన ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే వినిపించండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు బోండాలు మాత్రం పట్టుకెళ్లకండి.